వీధి చివరిదాకా వెళ్ళొద్దాం రా: చిన్నపిల్లలతో ఇంటి చుట్టుపక్కల తిరగడం ఎలా

పోయిన ఏడాది వానలు మొదలయ్యాక ఒక ఆదివారం పిల్లల్ని అనంతగిరి కొండలకు తీసుకెళ్ళాం. హైదరాబాద్ నుంచి 75 కిలోమీటర్ల పైచిలుకు. మూసీ పుట్టేది అక్కడేరా అని దారి పొడవునా మా అయిదేళ్ళవాడికి ఊరించి చెప్పాను. వాడు చేవెళ్ళ దాటగానే కార్లో వాంతి చేసుకున్నాడు. రెండున్నరేళ్ళ చిన్నది సరిగ్గా ఘాట్ రోడ్డు మొదలయ్యేసరికి నిద్రపోయింది. పైన జనం, హారన్లు, పార్కింగ్ కోసం గొడవ. సాయంత్రం ఇంటికొచ్చి కారు దిగితే, ఎదురింటివాళ్ళు పై అంతస్తు కట్టుకోవడానికి పోయించిన ఇసుక కుప్ప కనబడింది. ఇద్దరూ చెప్పులు విసిరేసి దాని మీదికెక్కారు. గంటసేపు దిగలేదు.

అప్పటి నుంచి మా లెక్క మారింది. ఆరేళ్ళలోపు పిల్లలకు కొండల అందాలూ వ్యూపాయింట్లూ పట్టవు. తవ్వడానికి మట్టి, ఎక్కడానికి రాయి, తొంగి చూడ్డానికి ఒక కన్నం ఉంటే చాలు. అవన్నీ ఇంటికి పది నిమిషాల దూరంలోనే ఉంటాయి. ఏడాదిగా వారానికి మూడు నాలుగుసార్లు ఇద్దర్నీ అలా తిప్పుతున్నాను. మీరూ మొదలుపెట్టాలనుకుంటే ఎలాగో, నేను చేసిన తప్పులతో సహా రాస్తున్నాను.

1. ముందు మీరొక్కరే వెళ్ళి చూసి రండి

పిల్లలు లేకుండా ఒక పొద్దున ఇంటి చుట్టూ అర కిలోమీటరు తిరగండి. రోజూ బండి మీద పోయే వీధే అయినా, నడిచి చూస్తే కొత్తగా ఉంటుంది. నీడ ఎక్కడుంది, కూర్చోవడానికి అరుగుందా, ఏ సందులో కుక్కలు ఎక్కువ, ఎక్కడ మ్యాన్‌హోల్ మూత విరిగింది, ఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు కంచె లేదు, ఇవి చూసుకోండి. చెట్లు చూసేటప్పుడు తల పైకెత్తి తేనెపట్టు ఉందేమో కూడా చూడండి. మా కాలనీలో ఒక కానుగ చెట్టు కింద మూడు వారాలు ఆడుకున్నాక గానీ పైనున్న పట్టు నా కంటబడలేదు.

మేముండేది మియాపూర్ వైపు. ఆ మొదటి నడకలో నాకు దొరికిన ఆస్తి ఇది: జిల్లేడు మొక్కలు పెరిగిన ఒక ఖాళీ ప్లాటు, గుడి దగ్గర రావిచెట్టు, ఇంకా బాంబులు పెట్టి పేల్చకుండా మిగిలిన ఒక పెద్ద బండ, గోడ వారగా నీడలో మెత్తటి దుమ్ము. మీ వీధిలో ఇంకేదో ఉంటుంది. విశాఖలో ఉంటే ఇసుకలో పీతల బొరియలుంటాయి. పల్లెలో ఉంటే పొలం గట్టు, బోరు నీళ్ళ కాలువ ఉండనే ఉన్నాయి. అయితే మూత లేని పాత బోరు గుంత ఒక్కటి ఉన్నా ఆ పక్కకు అసలు పోకండి.

2. టైము

ఎండాకాలంలో పొద్దున ఆరు నుంచి ఏడున్నర, లేకపోతే సాయంత్రం అయిదున్నర దాటాక. చలికాలంలో పొద్దున ఎనిమిదికి బయల్దేరినా ఇబ్బంది లేదు. మొదటి వారం అరగంట మించొద్దు. పిల్లలు "ఇంకాసేపు" అంటున్నప్పుడే ఇంటిదారి పట్టండి, మర్నాడు వాళ్ళే చెప్పులు పట్టుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడతారు.

కడుపు నిండా తినిపించి తీసుకెళ్ళొద్దు, ఆకలితోనూ తీసుకెళ్ళొద్దు. అరటిపండో, సగం గ్లాసు పాలో చాలు. బయల్దేరే ముందు బాత్రూం. "రావట్లేదు" అన్నా సరే, బాత్రూం.

3. సంచి

బ్యాక్‌ప్యాక్ అక్కర్లేదు, కూరగాయల గుడ్డసంచి చాలు. నీళ్ళ సీసా, పాత తువ్వాలు, చిన్నదానికి ఒక జత బట్టలు, దెబ్బలకు రెండు పట్టీలు, చిన్న సబ్బు ముక్క, ఒక స్టీలు డబ్బాలో మరమరాలు, వేయించిన పల్లీలు. చిన్నదానికి మాత్రం పల్లీలు ఇవ్వం, గొంతులో అడ్డం పడతాయి. చిప్స్ ప్యాకెట్ తీసుకెళ్తే ఆ రోజు ఆట చిప్సే. చూశాను.

దీనికి తోడు ఒక భూతద్దం. స్టేషనరీ షాపులో దొరికే ప్లాస్టిక్‌ది చాలు. ఎండలో దాంతో ఆకులు కాల్చడం మనం చేసిన పనే కాబట్టి వాళ్ళకు ఎలాగూ తెలిసిపోతుంది, మీరుగా నేర్పకండి.

బట్టలు పాతవి వేయండి. కొత్త ఫ్రాకు వేస్తే అడుగడుగునా "మరక, మరక" అని మీరే అరుస్తారు. పొడుగు చేతుల చొక్కా, నిండు ప్యాంటు ఉంటే దోమల బెడద తగ్గుతుంది. డెంగీ దోమ కుట్టేది పగటిపూటే కదా. కాలికి స్లిప్పర్లు వద్దు, వెనక పట్టీ ఉన్న గట్టి అడుగు చెప్పులు వేయండి. ఖాళీ ప్లాట్లలో పల్లేరుకాయలు పలుచటి స్లిప్పర్‌లోకి సులువుగా దిగబడతాయి. ఒకసారి గుచ్చుకుందంటే ఇంటిదాకా ఎత్తుకు రావాల్సిందే.

4. ముందు నడిచేది వాళ్ళు

అసలు కష్టమంతా ఇక్కడే. పిల్లలకు కాదు, మనకు. మొదట్లో నేను "రా నాన్నా, అటు పోదాం, అక్కడ పెద్ద చెట్టుంది" అని లాక్కెళ్ళేవాణ్ణి. వాడేమో డ్రైనేజీ జాలీలోంచి రాళ్ళు వేసి టుబుక్కుమనే చప్పుడు వింటున్నాడు. ఇరవై రాళ్ళు వేశాడు. ఆ పెద్ద చెట్టు దగ్గరకు ఆ రోజు చేరలేదు. ఏమీ కాలేదు. ఇప్పుడు మా పద్ధతి: ఎటు తిరగాలో వాళ్ళు చెప్తారు, రోడ్డు దాటాలా వద్దా అన్నది మాత్రం నేను చెప్తాను. ఒక్కోసారి గంటకు మూడొందల మీటర్లు కూడా దాటం.

ఒక ఉదాహరణ చెప్తాను. ఇందాక అన్న గోడ వార దుమ్ములో చిన్న చిన్న గరాటుల్లా గుంటలుంటాయి. బొటనవేలు పట్టేంత. ఇళ్ళ వెనక, గుడి అరుగుల కింద, వాన తడి తగలని చోట ఎక్కడైనా కనిపిస్తాయి. మావాడు దాని పక్కన బోర్లా పడుకున్నాడు. ఒక చీమ అంచు మీదికొచ్చి జారింది. పైకెక్కబోతే కాళ్ళ కింద దుమ్ము కరిగిపోతోంది. అంతలో గుంట అడుగు నుంచి ఎవరో చిటికెడు దుమ్ము పైకి విసిరారు. మళ్ళీ విసిరారు. చీమ దొర్లి కిందపడింది, మట్టిలోంచి రెండు కొండీలు పైకొచ్చి పట్టుకున్నాయి. అంతే, చీమ లేదు. మావాడు ఊపిరి బిగబట్టి చూసి, "నాన్నా, లోపల ఎవరున్నారు?" అన్నాడు.

మెల్లగా ఆ గుంట కిందికి చెంచా పోనిచ్చి మట్టిని అరచేతిలో పోసుకుంటే బూడిదరంగు పురుగు ఒకటి బయటపడుతుంది, కందిగింజంత. వదిలితే వెనక్కి నడుస్తుంది, ముందుకు రాదు. ఇదే పెద్దయ్యాక రెక్కలొచ్చి తూనీగలా ఎగురుతుందంటే మావాడు ఇప్పటికీ నమ్మడు. చూశాక దాన్ని దుమ్ములోనే వదిలేయాలి, కాసేపటికి మళ్ళీ గరాటు కట్టుకుంటుంది. ఆ కట్టడం చూడ్డానికే మేం మూడు సాయంత్రాలు వెళ్ళాం.

అలాంటప్పుడు మీరు చేయాల్సింది పక్కన గొంతుకూర్చోవడం, అంతకు మించి నోరు మెదపకపోవడం. "ఇదేంటో చెప్పు? ఇంగ్లీషులో ఏమంటారు?" అని పరీక్ష పెట్టారా, అయిపోయింది. ఫోన్ జేబులోనే ఉంచండి. ఫొటో కోసం "ఇటు చూడు, నవ్వు" అన్నామంటే చీమను మర్చిపోయి మన వంక చూస్తారు.

5. కార్తెను బట్టి ఆట

ఏం చూపించాలో తోచకపోతే కాలమే చూపిస్తుంది.

తొలకరి పడ్డాక, ఆరుద్ర కార్తె రోజుల్లో, అంటే జూన్ 22 ప్రాంతం నుంచి రెండు వారాలు, ఎర్రమట్టి నేలల్లో ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. కుంకుమ రంగు ముఖమల్ ముక్కకు కాళ్ళొచ్చినట్టు. మా చిన్నప్పుడు అగ్గిపెట్టెలో గడ్డి వేసి పెట్టేవాళ్ళం, మర్నాటికి చచ్చిపోయేవి. ఇప్పుడు కనబడటమే తక్కువ, కాబట్టి అరచేతిలో నడిపించుకుని అక్కడే వదలండి. కాళ్ళు లెక్కపెట్టమనండి. పురుగు అంటాం గానీ ఎనిమిదుంటాయి, అది సాలెపురుగుకు చుట్టం. ముట్టుకోగానే ఉండ చుట్టుకునే రోకలిబండ కూడా ఈ రోజుల్లోనే తిరుగుతుంది. దాన్ని చూడండి గానీ చేత్తో పట్టుకోనివ్వకండి, వదిలే ద్రవం చర్మానికి మంట పుట్టిస్తుంది.

వాన నీళ్ళలో ఎగరడం ఎవరూ నేర్పక్కర్లేదు. కాకపోతే చోటు మీరు ఎంచాలి. పార్కులోనో, అపార్ట్‌మెంట్ ఆవరణలోనో, ఎండినప్పుడు మీరు చూసిన నేల మీది గుంట అయితేనే సరే. రోడ్డు మీద పారే నీళ్ళలో వద్దు, కింద మూత ఉందో ఊడిందో తెలియదు. ఉరుము వినబడిందంటే చెట్టు కింద నిలబడకుండా లోపలికి రండి.

వాన వెలిశాక అత్తిపత్తి దొరికితే సాయంత్రం గడిచిపోయినట్టే. టపాకాయల మొక్క తెలుసా? ఊదారంగు పూలు, సన్నటి కాయలు. ఎండిన కాయలు నాలుగైదు కోసి నీళ్ళ మూతలో వేసి చూడండి. రెండు క్షణాలు ఏమీ ఉండదు, తర్వాత టప్పున పగిలి గింజలు ఎగురుతాయి. మొహం దగ్గర పెట్టుకోకుండా చూడండి చాలు.

ఎండాకాలంలో తురాయి మొగ్గలు. రాలినవాటిల్లో పూర్తిగా విచ్చనిది తీసి రేకలు ఒలిస్తే లోపల పది కేసరాలు. చెరొకటి తీసుకుని తలలు కొక్కెంలా తగిలించి లాగండి. ఎవరిది తల తెగితే వాళ్ళు ఓడినట్టు. కోడిపందేలు! మా ఆవిడా నేనూ ఆడుతుంటే పిల్లలు చూస్తూ కూర్చున్న రోజులు కూడా ఉన్నాయి. ఎండాకాలంలోనే జిల్లేడు కాయలు పగిలి దూది గింజలు గాల్లో తేలుతుంటాయి. తరిమి పట్టుకోవడానికి బావుంటాయి, కానీ ఆ మొక్క ఆకు తుంచనివ్వకండి. పాలు కంట్లో పడితే ప్రమాదం.

చలికాలంలో ఒకసారి రాత్రి ఏడున్నరకు బయటికి తీసుకెళ్ళండి. పిల్లలకు ఇంతకంటే సాహసం ఉండదు. టార్చి వాళ్ళ చేతికే ఇవ్వండి. వీధి దీపం కింద బల్లులు, కప్పలు వేటకు కాచుకుని ఉంటాయి. డాబా ఎక్కితే డిసెంబరు, జనవరిల్లో తూర్పున వరుసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. మా నాన్నమ్మ గొల్లకావిడి అని చూపించేది. సిటీ వెలుతురులో కూడా అవి మూడూ కనబడతాయి.

6. చెరువు గట్టు, బండ

వీధికి అలవాటు పడ్డాక నెలకు రెండుసార్లు కాస్త దూరం. మాకు దగ్గర్లో అమీన్‌పూర్ చెరువుంది. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, నగరంలోని చెరువుకు ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి. చలికాలంలో ఫ్లెమింగోలు కూడా వస్తాయి. నేను వాటి కోసమే తీసుకెళ్ళాను. పిల్లలకు అవి దూరంగా తెల్లచుక్కల్లా కనిపించాయి, ఒక్క నిమిషంలో విసుగొచ్చింది. వాళ్ళకు నచ్చింది దగ్గర్లో బుడుంగున మునిగి ఇంకెక్కడో తేలే చిన్న నీటిపిట్ట. అది మునగ్గానే ఎక్కడ తేలుతుందో వేలు పెట్టి చూపించాలి. ఎవరూ గెలవరు, అందుకే ఆపరు. నీటికాకి రాయి మీద రెక్కలు చాపి నిలబడితే, "అది తువ్వాలు మర్చిపోయింది" అన్నాడు మావాడు. నిజానికి అది రెక్కలు ఆరబెట్టుకోవడమే.

వానాకాలంలో గట్టు మీద తుమ్మచెట్లో, ఈతచెట్లో ఉంటే గిజిగాడి గూళ్ళ కోసం చూడండి. గూడు అల్లేది మగపిట్ట. సగం అల్లి ఆపేస్తుంది, ఆడపిట్ట వచ్చి చూసి మెచ్చితేనే మిగతాది. ఇంటి పని నచ్చలేదని సగంలో వదిలేసిన గూళ్ళు చాలానే కనిపిస్తాయి. కింద రాలిన పాత గూడు దొరికితే చేతిలో పెట్టి చూపించండి, కొమ్మ మీదిది మాత్రం కోయొద్దు.

నీటి దగ్గర ఒకటే లెక్క: పిల్ల మీ చేతికి అందేంత దూరంలో ఉండాలి. ఒక పెద్దకు ఒక పిల్ల. ఇద్దర్నీ ఒక్కణ్ణే చెరువుకు తీసుకెళ్ళను. సిటీ చెరువుల్లో మురుగు కలుస్తుంది కాబట్టి నీళ్ళలో చేతులు పెట్టనివ్వం. క్వారీ గుంతల దగ్గరికైతే అసలు వెళ్ళం, అంచు కింద లోతు ఎంతో కనబడదు.

బండలెక్కడం మాత్రం హైదరాబాద్‌లో పెరిగే పిల్లల హక్కు అనిపిస్తుంది నాకు. ఈ రాళ్ళ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఆ అంకె వాళ్ళకు చెప్పి లాభం లేదు, "తాతయ్య కంటే పెద్దది" అంటే సరిపోతుంది. ఎక్కేటప్పుడు కింద నిలబడి చేతులు సిద్ధంగా ఉంచండి, పైకెత్తి మాత్రం కూర్చోబెట్టకండి. సొంతంగా ఎక్కగలిగినంత ఎత్తు నుంచి మామూలుగా సొంతంగానే దిగుతారు. మనం ఎక్కించిన ఎత్తు దగ్గరే ఏడుపు మొదలవుతుంది. "జాగ్రత్త, జాగ్రత్త" అని అరిస్తే ఉపయోగం లేదు. "ఎడమ కాలు ఆ పగుల్లో పెట్టు" అంటే వింటారు.

7. టెన్షన్ పెట్టే సంగతులు

కుక్కలు. మా అందరి భయం ఇదే. కుక్క ఎదురొస్తే పరిగెత్తకుండా, అరవకుండా, చేతులు ఒంటికి ఆనించి చెట్టులా నిలబడటం ఇంట్లోనే ఆటగా నేర్పండి. "చెట్టు!" అనగానే కదలకుండా నిలబడాలి. మావాళ్ళు వంటింట్లో కూడా ఆడతారు. తింటున్న కుక్క, పిల్లలున్న కుక్క దగ్గరకు పోకూడదు. ఒకవేళ కరిచినా, గోరు గీరినా, వెంటనే పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించాలి. పసుపు, కారం, సున్నం లాంటివి పెట్టొద్దు. "చిన్న గీతే కదా" అని ఊరుకోవద్దు.

పాములు. పొదల్లో, రాళ్ళ కుప్పల్లో, ఇటుకల సందుల్లో చెయ్యి పెట్టకూడదు, ముందు కర్రతో తట్టాలి. బంతి పొదలో పడితే తెచ్చేది మీరు. ఏ పామైనా కరిస్తే కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం చేయకుండా, ఆ కాలో చెయ్యో కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేరాలి.

నోట్లో పెట్టుకోవడం. మూడేళ్ళలోపు పిల్లలకు ప్రతిదీ తినేదే. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఎర్రగా మెరిసే గురివింద గింజలు, ఈ నాలుగూ విషం. ఇవి మీ దారిలో ఎక్కడున్నాయో మీకు తెలిసుండాలి. మా ఇంట్లో నియమం: చెట్టు నుంచి వచ్చింది ఏదైనా నాన్నకు చూపించాకే నోటికి. సీతాఫలం అయినా సరే.

గొంగళిపురుగు నూగు గుచ్చుకుంటే రుద్దకుండా, సెల్లోటేపు ముక్క అద్ది లాగేసి కడగండి. మట్టి గురించి మాత్రం పెద్దగా కంగారు పడకండి. చేతులు కడిగితే పోతుంది.

8. "ఎత్తుకో నాన్నా"

సరిగ్గా సగం దారిలో వస్తుంది ఈ మాట. నేను చాలా తెలివితేటలు ప్రయోగించి చూశాను. పనిచేసినవి రెండే. మొదటిది, కూర్చుని మరమరాల డబ్బా తీయడం. సగం సార్లు అది అలసట కాదు, ఆకలి. రెండోది, పని అప్పగించడం: "ఈ కర్ర ఇంటిదాకా మోసుకురావాలి, నాన్నమ్మకు చూపించాలి." కర్ర మోసేవాళ్ళకు కాళ్ళు నొప్పి పెట్టవు. రెండూ పనిచేయకపోతే ఎత్తుకోండి, అందులో ఓటమేం లేదు. అందుకే ఇంటికి పది నిమిషాల దూరం అన్నది.

రానని మొండికేసే రోజులూ ఉంటాయి. బలవంతం చేయను. బాల్కనీలో చీమల బారు ముందు చిటికెడు బెల్లం పెట్టి కూర్చుంటాను. పది నిమిషాల్లో ఇద్దరూ వచ్చి పక్కన చేరతారు, ఆ బారు ఎక్కడికి పోతోందో చూడ్డానికి మెట్లు దిగుతారు.

పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళనీ లాక్కెళ్ళండి. మా అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు, పిల్లల నడకకు ఆవిడ నడక సరిగ్గా సరిపోతుంది. పైగా ఏ ఆకు కోస్తే ఏ వాసన వస్తుందో ఆవిడకు తెలిసినంత నాకు తెలియదు.

9. ఇంటికొచ్చాక

చెప్పులు గుమ్మం బయటే దులపండి. కాళ్ళు, చేతులు, గోళ్ళ సందులు సబ్బుతో కడగండి. వానాకాలంలో గడ్డిలో తిరిగొస్తే చెవుల వెనక, మోకాళ్ళ మడతల్లో ఏదైనా పురుగు పట్టుకుందేమో ఒకసారి చూడండి. తెచ్చిన రాళ్ళు, ఈకలు, కాయల కోసం ఒక పాత స్వీట్ బాక్స్ ఇవ్వండి. నిండితే కొత్తవి పెట్టడానికి పాతవి బయట వదిలి రావాలని ముందే చెప్పండి. ఏ రాయి వదలాలి అన్నదానికి మా ఇంట్లో ఇద్దరికీ అరగంట పంచాయితీ నడుస్తుంది.

బట్టలు వాషింగ్ మెషీన్‌లో వేసే ముందు జేబులు తప్పకుండా వెతకండి. కానుగ కాయలు, గులకరాళ్ళు అయితే ఫర్వాలేదు. మాకు ఒకసారి నత్త దొరికింది, బతికే ఉంది. చెప్పులు వేసుకుని మళ్ళీ నలుగురం బయల్దేరాం, దాన్ని తెచ్చిన చోటే వదిలి రావడానికి.